యోగా పెట్టించినా నర్సుల అలసట తగ్గడం లేదంటే ముందు రోస్టర్ చూడండి

వార్డులో యోగా క్లాసులు పెట్టించినా, కౌన్సెలింగ్ ఇప్పించినా నర్సుల నీరసం, విసుగు తగ్గడం లేదని, ఇన్‌చార్జ్‌గా ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. గత రెండు నెలల రోస్టర్‌తో, అంటే ఎవరికి ఏ రోజు ఏ డ్యూటీ అన్న పట్టికతో మొదలుపెట్టండి. యోగా మంచిదే, కానీ వరసగా ఐదు నైట్లు చేసి వచ్చిన మనిషికి కావలసింది నిద్ర.

రోస్టర్‌లో మొదట చూడాల్సింది ఈవినింగ్ తర్వాత వెంటనే మార్నింగ్ పడటం. రాత్రి 9కి దిగి ఉదయం 7కి మళ్లీ ఎక్కాలంటే మధ్యలో ఉన్నది 10 గంటలు. హ్యాండోవర్ (తర్వాతి డ్యూటీవాళ్లకు పేషెంట్లను అప్పగించడం) ఆలస్యం, ప్రయాణం, తిండి పోను నిద్రకు మిగిలేది ఐదారు గంటలే. రెండు డ్యూటీల మధ్య కనీసం 11 గంటలు ఉంచండి. డ్యూటీలు మార్నింగ్, ఈవినింగ్, నైట్ అనే వరసలోనే తిప్పండి. శరీరానికి ఆలస్యంగా పడుకోవడం అలవాటైనంత తేలిగ్గా ముందుగా పడుకోవడం అలవాటు కాదు. నైట్లు వరసగా మూడు దాటనివ్వకండి. ఆఖరి నైట్ అయ్యాక రెండు రోజులు ఆఫ్ ఇవ్వండి, ఎందుకంటే మొదటి రోజు నిద్రకే సరిపోతుంది. నైట్ దిగిన రోజునే ఆఫ్‌గా లెక్కేసే వార్డులున్నాయి. అది కాగితం మీది ఆఫ్.

బ్రేక్ దగ్గర జరిగే పొరపాటు ఒక్కటే: ఆ సమయంలో పేషెంట్లను ఎవరు చూస్తారో రాయకపోవడం. ఎవరు, ఎప్పుడు, ఎవరి బదులు అన్నది డ్యూటీ మొదట్లోనే బోర్డు మీద రాస్తే బ్రేక్ నిజంగా దొరుకుతుంది. నైట్‌లో కునుకు 20 నిమిషాలు చాలు. ఎక్కువైతే గాఢనిద్రలోంచి లేవాల్సి వచ్చి బుర్ర మొద్దుబారుతుంది, కాబట్టి లేచిన పావుగంట దాకా ఇంజెక్షన్ల డోసులు లెక్కకట్టనివ్వకండి. టీ, కాఫీ ఇంటికెళ్లి పడుకునే వేళకు ఆరు గంటల ముందే ఆపాలి.

అసలు బరువు పేషెంట్ల సంఖ్యలో ఉంటుంది. 2002లో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలో సర్జికల్ పేషెంట్లున్న ఆసుపత్రులపై చేసిన అధ్యయనంలో, ఒక్కో నర్సుకు ఒక్క పేషెంట్ పెరిగితే బర్నౌట్ (పని ఒత్తిడితో పూర్తిగా అలిసి విసుగెత్తిపోవడం) అవకాశం 23 శాతం ఎక్కువని తేలింది. స్టాఫ్‌ను పెంచడం మీ చేతిలో ఉండదు, నిజమే. పంపకం మాత్రం మీ చేతిలోనే ఉంది. బెడ్ నంబర్ల వరసన కాకుండా పనిని బట్టి పంచండి. డ్రెయిన్లు (ఆపరేషన్ చోటి నుంచి ద్రవం బయటికి తీసే గొట్టాలు), గంటగంటకూ బీపీ చూడాల్సిన కేసు ఉన్న నర్సుకే కొత్త అడ్మిషన్ కూడా ఇవ్వకండి.

ఒక వారం పాటు ఫార్మసీకి పరుగులు, రిపోర్టుల కోసం తిరగడం, ఫోన్లు పట్టుకు కూర్చోవడం లాంటివి జరిగిన ప్రతిసారీ ఒక కాగితం మీద గీత గీయమనండి, పక్కన నిమిషాలు వేయమనండి. పేర్లు వద్దు. పేర్లుంటే ఎవరూ నిజం రాయరు. ఈ పనులకు ఒక అటెండర్ కావాలని అడగడానికి మేనేజ్‌మెంట్ దగ్గరికి వెళ్లేటప్పుడు "మావాళ్లు అలిసిపోతున్నారు" అన్న మాటకంటే ఆ మొత్తం గంటలే పనిచేస్తాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌ను జబ్బుగా కాక, పనిచోటుకు సంబంధించిన స్థితిగా లెక్కిస్తుంది. అందువల్ల ఒక తేడా గమనించండి. ఆఫ్ రోజుల్లోనూ దేని మీదా ఆసక్తి లేకపోయినా, నిద్రాహారాలు దెబ్బతిని రెండు వారాలు దాటినా అది డిప్రెషన్ కావచ్చు, డాక్టర్‌కు చూపించాలి. చచ్చిపోవాలన్న మాట నోట వస్తే మాత్రం ఆ మనిషిని ఒంటరిగా ఇంటికి పంపకుండా అదే రోజు సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. రోస్టర్ సంగతి తర్వాత.