పిల్లాణ్ణి నాలుగుకి పంపాలా, ఆపాలా?

కందుకూరు

అమ్మలూ,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. మీవాణ్ణి ఇంకో ఏడాది మూడో తరగతిలోనే ఉంచుదామా అని స్కూలువాళ్లు అడిగారన్నావు. ఇప్పుడే జవాబు చెప్పొద్దు. జూన్‌లో బడి తెరిచేలోపు చెప్పొచ్చు.

విద్యాహక్కు చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం పిల్లల్ని ఆపే వీలు 5, 8 తరగతుల్లోనే ఉంది. అదీ ప్రభుత్వం అనుమతిస్తేనే, తప్పినవాళ్లకు మళ్లీ నేర్పి రెండు నెలల్లో ఇంకో పరీక్ష పెట్టాకే. కాబట్టి మూడులో వాణ్ణి బలవంతంగా ఆపలేరు, నువ్వు టెన్షన్ పడకు.

మార్కుల కార్డు పక్కన పెట్టు. జవాబులు బట్టీ పట్టిన పిల్లలకు నేనూ ఎనభైలు వేశాను. వాళ్లలో కొందరికి కొత్త పేజీ ఇస్తే ఒత్తుల దగ్గర నోరు పెగిలేది కాదు. వాడు ఎప్పుడూ చూడని కథ ఇచ్చి పైకి చదవమను. కూడబలుక్కుని చదివినా సరే, తర్వాత ఆ కథ తన మాటల్లో చెప్పగలిగితే నాలుగుకి పంపొచ్చు. ఏ ఒత్తులు తప్పుతున్నాడో రాసిపెట్టుకో. యాభై రూపాయలిచ్చి ఇరవై ఎనిమిది రూపాయల సరుకు తెమ్మను. చిల్లర ఎంత రావాలో కొట్టుకి పోకముందే చెప్పాలి. ఒక్కరోజు చూసి తేల్చకు, నిద్ర తీరిన పొద్దుటి పూట నాలుగైదు రోజులు చూడు.

అసలు ఎందుకు వెనకబడ్డాడో కనుక్కో. నేను తప్పు చేసింది ఇక్కడే. ఆ చట్టం రాకముందు, మా బళ్లో ఒక పిల్లాణ్ణి మూడులో ఆపమని నేనే చెప్పాను. పొగాకు కాల్చే రోజుల్లో అమ్మానాన్న ఆకును వేడికి ఆరబెట్టే బ్యారన్ దగ్గరుంటే, చంటిదాన్ని చూసుకుంటూ వాడూ అక్కడే ఉండేవాడు. హాజరు పట్టీలో జనవరి, ఫిబ్రవరి దాదాపు ఖాళీ. అది రోజూ నా చేతిలోనే ఉండేది. వాడికి కావాల్సింది ఆ రెండు నెలల పాఠాలు, నేను ఏడాదంతా మళ్లీ చదవమన్నాను. మరుసటేడు వాడి పెద్ద చెల్లెలు అదే తరగతికొచ్చి పక్కన కూర్చుంది. దసరా సెలవుల తర్వాత వాడిక బడికి రాలేదు. ఇంటికెళ్లి పిలిచినా రాలేదు. ఆ ముఖం నేనింకా మర్చిపోలేదు.

మీవాడు సంక్రాంతి తర్వాత జ్వరంతో నెలరోజులు బడికి పోలేదని నువ్వే చెప్పావు కదా. బోర్డు సరిగా కనిపిస్తోందో లేదో కూడా ఈ వారమే కళ్ల డాక్టరుకు చూపించు.

ఆపడం ఎప్పుడూ తప్పేనని అనను. ఏడాది ముందే బళ్లో వేసిన పిల్లలు, నేర్పినా చిన్న మాటలు కూడా చదవలేకపోతే, అప్పుడు ఆలోచించాలి. అప్పుడైనా నేర్పే తీరు మారాలి.

పరీక్షలు అవగానే వాణ్ణి నా దగ్గరికి పంపు. మే అంతా పొద్దున్నే గంటసేపు కూర్చోబెట్టుకుంటాను. జూన్ మొదటివారంలో నువ్వూ రా, ఇద్దరం కలిసి తేల్చుకుందాం. అప్పటిదాకా వాడి ముందు 'ఫెయిల్' అన్న మాట రానీయకు. మీ అత్తగారికి కూడా నెమ్మదిగా చెప్పు.

మీ పెద్దమ్మ