బిడ్డను ఏ ఊరికి పంపాలి? హాస్టల్ గది ఖాయమైన ఊరికి

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ను. మా అమ్మాయి ఇక్కడే ఓ ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ రెండో సంవత్సరం చదువుతోంది. మూడో ఏడాది యూరప్‌లో ఎక్స్ఛేంజ్ స్టూడెంట్‌గా చదవొచ్చని కాలేజీ వాళ్ళు చెప్పారు. ఫీజు ఇక్కడ కడితే చాలట, అక్కడ కట్టనక్కర్లేదట. జర్మనీలో మ్యూనిక్, పోర్చుగల్‌లో లిస్బన్, చెక్ రిపబ్లిక్‌లో బ్ర్నో, పోలండ్‌లో వ్రొత్స్వాఫ్, ఈ నాలుగింట్లో ఒకటి ఎంచుకోమన్నారు. అమ్మాయి మనసు మ్యూనిక్ మీద ఉంది. ఇంటర్నెట్‌లో చూస్తే ఖర్చు ఒక్కో చోట ఒక్కోలా రాశారు. వర్ధన్నపేట దగ్గర మాకు రెండెకరాలుంది, అవసరమైతే అర ఎకరం అమ్మడానికి సిద్ధమే. ఏ ఊరు చవకగా పడుతుంది? పార్ట్‌టైమ్ చేసుకుంటే ఖర్చులు వెళ్ళిపోతాయా? మా ఆవిడ బెంగంతా తిండి గురించే.
ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: పొలం సంగతి ముందు తేల్చేద్దాం. అర ఎకరం మాట అటుంచి, గుంట కూడా అమ్మకండి. ఎక్స్ఛేంజ్ ఏడాదికి అక్కడి డిగ్రీ రాదు. పట్టా మీ హనుమకొండ కాలేజీదే. అక్కడి నుంచి వచ్చేవి ఒక మార్కుల పత్రం, కొన్ని క్రెడిట్లు, తన పని తాను చక్కబెట్టుకునే అలవాటు. వీటికి విలువ లేదనను, కానీ భూమి అమ్ముకునేంత లేదు. రేపు ఎంఎస్‌కు పోతానంటే అసలు డబ్బు అప్పుడు కావాలి. మీ జాబితాలో ఏడెనిమిది లక్షల్లో ఏడాది గడిచే ఊళ్ళు రెండున్నాయి. అంతవరకు సర్దగలిగితే పంపండి. లేదంటే ఈసారికి వదిలేయండి, కొంప మునిగేదేమీ లేదు.

మీరు చూసిన ఖర్చుల పట్టికలు చాలావరకు ఉద్యోగం చేసుకునేవాళ్ళ కోసం వేసినవి. సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అద్దె, హోటల్ భోజనం, జిమ్ ఫీజు అన్నీ కలిపి సగటు తీస్తారు. విద్యార్థి ఖర్చు అలా ఉండదు, దాదాపు సగం గదికే పోతుంది. ఆ గది యూనివర్సిటీ హాస్టల్‌లో దొరికిందా, బయట వెతుక్కోవాల్సి వచ్చిందా అన్నదాన్ని బట్టి ఒకే ఊరు ఒక పిల్లకు చవక, పక్క పిల్లకు మోయలేని బరువు. కాబట్టి ఊరి పేరు పక్కన పెట్టి నాలుగు యూనివర్సిటీల ఇంటర్నేషనల్ ఆఫీసులకూ ఒకే ప్రశ్న మెయిల్ చేయించండి: ఎక్స్ఛేంజ్ విద్యార్థులకు హాస్టల్ గది ఖాయంగా ఇస్తారా, ఏ తేదీలోపు అప్లై చేయాలి, నెలకు ఎంత? ‘ప్రయత్నిస్తాం’ అని జవాబొస్తే దాన్ని ‘లేదు’ అనే చదువుకోండి.

ఇక మ్యూనిక్. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ లెక్క వేయండి. జర్మనీ స్టూడెంట్ వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. యూరో వంద రూపాయలు దాటింది కాబట్టి 12 లక్షల పైమాటే. అది ఎవరికో కట్టే ఫీజు కాదు, నెలకు 992 యూరోల చొప్పున ఆమె చేతికే వస్తుంది. కానీ అంత మొత్తం ప్రయాణానికి ముందే మీ ఖాతాలోంచి కదలాలి. పైగా సొంత డబ్బు ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటి విదేశానికి పంపితే, దాటిన దానిమీద బ్యాంకు టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది కానీ అప్పటిదాకా ఆ సొమ్ము మీది కానట్టే. ఆ 992 కూడా జర్మనీ మొత్తానికి పెట్టిన ఒకే లెక్క. మ్యూనిక్ ఆ దేశంలో అద్దెలు అన్నిటికన్నా మండే ఊరు. షేరింగ్ ఫ్లాట్‌లో ఒక్క గదికి 700, 800 యూరోలు అడుగుతారు. హెల్త్ ఇన్సూరెన్స్‌కు నెలకు మరో 140 పైన. ఇక బిడ్డ ఏం తింటుంది? స్టూడెంట్ హాస్టళ్ళు చవకే, కానీ వెయిటింగ్ లిస్టు చాంతాడంత. జాబితాలో లైప్‌జిగో కెమ్నిట్సో ఉంటే జర్మనీకే పంపమనేదాన్ని, తూర్పు వైపు అద్దెలు బాగా తక్కువ. మ్యూనిక్‌కు స్కాలర్‌షిప్ వస్తేనే సరే అనండి.

లిస్బన్ చవక అన్నది పాత మాట. టూరిస్టులు, ల్యాప్‌టాప్‌తో ఎక్కడి నుంచైనా పనిచేసుకునేవాళ్ళు వచ్చి పడ్డాక అక్కడి అద్దెలు స్థానికులకే అందడం లేదు. ప్రభుత్వ హాస్టళ్ళలో మంచాలు తక్కువ, అవీ ముందుగా స్కాలర్‌షిప్ ఉన్న అక్కడి పిల్లలకు. ఇక మిగిలింది బయటి గది, మోసాలు జరిగేది అక్కడే. ఫోటోలు అద్దంలా ఉంటాయి, అద్దె మాత్రం అనుమానం వచ్చేంత తక్కువ. ఓనరు ‘నేను వేరే దేశంలో ఉన్నాను, రెండు నెలల అడ్వాన్స్ పంపితే తాళాలు కొరియర్ చేస్తా’ అంటాడు. తాళాలు రావు, మనిషి దొరకడు. ఏ ఊరికి పంపినా సరే, చూడని గదికి హనుమకొండలో కూర్చుని డబ్బు పంపకండి. మరీ తప్పనిసరైతే మొదటి రెండు వారాలకు హాస్టల్ తరహా బస బుక్ చేసుకుని, అక్కడికి వెళ్ళి కళ్ళతో చూశాకే అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాలి.

నా ఓటు బ్ర్నోకు. చెక్ రిపబ్లిక్‌లో ప్రాగ్ తర్వాత పెద్ద ఊరు. ప్రాగ్‌లో ఉన్నంత టూరిస్టుల తాకిడి లేదు, ఆ ధరలూ లేవు. యూనివర్సిటీ హాస్టల్‌లో ఇద్దరుండే గదిలో మంచానికి నెలకు సుమారు 200 యూరోలు పెట్టుకోండి. మెంజా అనే యూనివర్సిటీ క్యాంటీన్‌లో మధ్యాహ్నం భోజనం వంద కొరునాల (చెక్ కరెన్సీ) చుట్టూ ఉంటుంది, అంటే మన నాలుగు వందల రూపాయలు. ఇక్కడి లెక్కన ఎక్కువే, యూరప్ లెక్కన చాలా నయం. 26 ఏళ్ళ లోపు విద్యార్థులకు రైళ్ళు, బస్సుల్లో దేశమంతటా రాయితీ ఉంది. వియన్నాకు రైల్లో గంటన్నర. కాజీపేటలో ఎక్కి సికింద్రాబాద్‌లో దిగినంత దూరం. కాబట్టి విమానం టికెట్ ప్రాగ్‌కే వెతకకుండా వియన్నాకు కూడా చూడండి. ఈసీఈ పిల్లకు ఊళ్ళో సరుకూ ఉంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు తయారుచేసే కంపెనీలు, రెడ్ హ్యాట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ, హనీవెల్ కంపెనీల ఇంజనీరింగ్ కేంద్రాలు అక్కడున్నాయి. జన్యుశాస్త్రానికి ఆద్యుడైన మెండెల్ బఠానీ మొక్కలతో ప్రయోగాలు చేసిన మఠం కూడా ఈ ఊళ్ళోదే. మీ కాలేజీలో జువాలజీ సార్‌కు చెబితే తనూ వస్తానంటాడేమో.

వ్రొత్స్వాఫ్ ఒక అడుగే వెనక. హాస్టల్ ఇంచుమించు అదే ధర, ఒక్కోసారి ఇంకా తక్కువ. బార్ మ్లెచ్నీ అని అక్కడ పాతకాలపు చవక భోజనశాలలుంటాయి. సూపూ, బంగాళాదుంప వంటలూ, పియెరోగీ అనే కజ్జికాయ ఆకారపు ఉడికించిన వంటకమూ తక్కువలో దొరుకుతాయి. నోకియా పెద్ద పరిశోధన కేంద్రం ఆ ఊళ్ళోనే ఉంది, టెలికామ్ మీద ఆసక్తి ఉంటే ఇది బ్ర్నోకన్నా మేలు. రెండో స్థానం ఎందుకంటే, పోలండ్ వీసా అపాయింట్‌మెంట్ దొరకబుచ్చుకోవడమే ఒక యుద్ధం. హాస్టల్ ఉత్తరం ముందు వ్రొత్స్వాఫ్ నుంచి వస్తే మాత్రం నా మాట పక్కన పెట్టి దానికే పొండి.

ఈ రెండు ఊళ్ళలో గది, తిండి, బస్సు, ఫోను, చిల్లర అన్నీ కలిపి నెలకు 500 నుంచి 550 యూరోలు అని నా అంచనా. పది నెలలకు ఐదున్నర లక్షలు. రానుపోను టికెట్, వీసా, ఇన్సూరెన్స్, చలికోట్లు, మొదటి నెల తడబాటు కలిపి ఇంకో రెండు లక్షలు పక్కన పెట్టండి. చలికోటు హైదరాబాద్‌లో కొనకండి. అక్కడ సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో మంచివి దొరుకుతాయి, అక్కడి చలికి తగ్గట్టు కుట్టినవి. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దుగూకుతుందని అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి. చలికన్నా ఆ చీకటే పిల్లలను ఎక్కువ కుంగదీస్తుంది.

డబ్బు లెక్కలో ఎవరూ రాయని ఖర్చు ఒకటుంది, అది క్యాలెండర్. మూడో ఏడాది ముగిసి జూలైలో నాలుగో ఏడాది మొదలవగానే కంపెనీలు క్యాంపస్‌కు వస్తాయి. మ్యూనిక్‌లో క్లాసులే జూలై చివరిదాకా ఉంటాయి, పరీక్షలు ఆ తర్వాత. అంటే మొదటి రెండు మూడు కంపెనీలు పోయినట్టే. చెక్, పోలండ్‌లలో చదువు సాధారణంగా జూన్‌తోనో, మహా అయితే జూలై మొదటి వారంతోనో ముగుస్తుంది. ఒక్క సెమిస్టర్‌కే పంపాలన్నా ఇదే తంటా. అక్కడి శీతకాలం సెమిస్టర్ పరీక్షలు జనవరి, ఫిబ్రవరిలోకి పోతాయి, ఇక్కడ రెండో సెమిస్టర్ అప్పటికే మొదలై ఉంటుంది. అక్కడ పరీక్షలు ముందుగా రాయనిస్తారా, ఇక్కడ ఆలస్యంగా చేరనిస్తారా అన్నది రెండు వైపులా కనుక్కోనిదే సెమిస్టర్ ఆలోచన పెట్టుకోవద్దు.

క్రెడిట్ల విషయంలో నోటిమాట నమ్మకండి. యూరప్‌లో సెమిస్టర్‌కు 30, ఏడాదికి 60 ఈసీటీఎస్ క్రెడిట్లు. అక్కడ చదివే ఒక్కో సబ్జెక్టు ఇక్కడి ఏ సబ్జెక్టుకు బదులో రాసి, రెండు కాలేజీలూ సంతకం పెట్టే కాగితాన్ని లెర్నింగ్ అగ్రిమెంట్ అంటారు. అమ్మాయి కాలేజీ హెచ్‌ఓడీ, ఎగ్జామినేషన్ బ్రాంచి ఇద్దరి సంతకాలూ దానిమీద పడేదాకా టికెట్ కొనకండి. కాలేజీ అటానమస్ కాకపోతే యూనివర్సిటీ అనుమతి కూడా రాతపూర్వకంగా కావాలి. అక్కడి సబ్జెక్టులు నిజంగా ఇంగ్లిష్‌లోనే చెబుతారా అన్నది వెబ్‌సైట్ మొదటి పేజీ చూసి నమ్మకుండా, ఎక్స్ఛేంజ్ విద్యార్థుల కోర్సుల జాబితా తెప్పించుకుని ఆ సెమిస్టర్‌కు సరిచూడండి. మైక్రోవేవ్ ఇంజనీరింగ్‌కు సరైన బదులు దొరక్క తిరిగొచ్చాక జూనియర్లతో కూర్చుని రాయాల్సి వస్తే, చవక ఊరు కాస్తా ఖరీదైన ఊరైపోతుంది. మీకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంటే, హాజరు ఇక్కడ పడని ఏడాదికి ఈపాస్ రెన్యువల్ ఎలా చేస్తారో స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ఇప్పుడే అడగండి.

సాయం విషయానికొస్తే, రాష్ట్ర ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి పథకాలు విదేశంలో పూర్తి పీజీ, పీహెచ్‌డీ చేసేవాళ్ళకు. ఎక్స్ఛేంజ్‌కు వర్తించవు, మీసేవ చుట్టూ తిరగకండి. అసలు అడగాల్సింది ఎరాస్మస్ ప్లస్ గురించి, అది ఎక్స్ఛేంజ్ విద్యార్థులకు యూరోపియన్ యూనియన్ డబ్బిచ్చే పథకం. అమ్మాయి కాలేజీకీ అక్కడి యూనివర్సిటీకీ మధ్య ఆ ఒప్పందం ఉండి తను ఎంపికైతే నెలకు 800 నుంచి 900 యూరోల దాకా గ్రాంటు, దారి ఖర్చులకు వేరే కొంత వస్తాయి. బ్ర్నోలో ఆ డబ్బుతో హాయిగా బతికి మిగుల్చుకోవచ్చు కూడా. దీనికి మనమే అప్లై చేసుకోలేం, కాలేజీ నామినేట్ చేయాలి. గోడకు తగిలించిన ఎంఓయూ (ఒప్పందం) ఫోటోలన్నిటికీ గ్రాంటు ఉండదు, ఈ నాలుగింట్లో దేనికుందో డీన్ ఆఫీసులో సూటిగా అడగండి. ఏ ఒక్కదానికి ఉన్నా, హాస్టల్ లెక్కను కూడా దాటి అదే ముందుకొస్తుంది.

పార్ట్‌టైమ్‌కు మీ లెక్కలో సున్నా వేయండి. జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేయొచ్చని చట్టం ఉన్నమాట నిజమే. కానీ వీసా రకాన్ని బట్టి నియమాలు మారతాయి, భాష రాని పిల్లకు దొరికేది గిన్నెలు కడిగే పని, అదీ చలికాలం రాత్రిళ్ళు. ఏడాదిపాటే ఉండే పిల్ల ఆ గంటలు ల్యాబ్‌లో గడిపితే మేలు.

చివరికి మీ ఇంటావిడ బెంగ. బ్ర్నోలో, వ్రొత్స్వాఫ్‌లో బియ్యం, పప్పు, కారం దొరికే ఇండియన్, ఆసియా దుకాణాలున్నాయి. చింతపండు గడ్డ ఒకటి ఇచ్చి పంపితే పచ్చిపులుసుకు లోటుండదు. సకినాలు, ఆవకాయ, కారప్పొడులు నిశ్చింతగా సర్దండి. కానీ మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి తేనివ్వరు. అంటే మటన్ పచ్చడి, నాటుకోడి పచ్చడి, పాలకోవా, ఆఖరికి ఇంట్లో కాచిన నెయ్యి డబ్బా కూడా ఎయిర్‌పోర్టులో చెత్తబుట్టలోకే. పచ్చి కరివేపాకు కూడా వద్దు, పొడి చేసి పంపండి. కరెంటు అక్కడా 230 వోల్టులే, మన మూడు పిన్నుల ప్లగ్గే దూరదు, అడాప్టర్ కొంటే సరి. రైస్ కుక్కర్ మాత్రం గదిలో వాడనిస్తారో లేదో హాస్టల్ నియమాలు చూశాకే కొనండి, చాలా చోట్ల వంట కామన్ కిచెన్‌లోనే.