రిపోర్టులో "డిస్టల్" అని రాస్తే ఎటువైపు?

మణికట్టు ఎక్స్‌రే రిపోర్టులో "డిస్టల్ రేడియస్ ఫ్రాక్చర్" అని ఉంది, డిస్టల్ అంటే కింది భాగమేనా, అలాగైతే "ఇన్ఫీరియర్" అని ఎందుకు రాయలేదు అని అడిగారు.

కింద అని కాదు, కొస వైపు అని. చెట్టు కొమ్మను తలుచుకోండి. కాండానికి అంటుకున్న చోటు మొదలు, చిగురు ఉన్న చోటు కొస. మొండేనికి చేతులూ కాళ్లూ అలాగే అంటుకుని ఉన్నాయి. భుజం వైపు, తుంటి వైపు ఉన్నది ప్రాక్సిమల్. వేళ్ల వైపు ఉన్నది డిస్టల్. పుస్తకాల్లో సమీపస్థ, దూరస్థ అని కనిపిస్తాయి కానీ, మొదలు, కొస అనే మాటలే దీనికి సరిగ్గా అతుకుతాయని నా అభిప్రాయం. దూరం అనగానే మనసు స్కేలు పెట్టి కొలవబోతుంది, తప్పులన్నీ అక్కడే పుడతాయి.

సుపీరియర్, ఇన్ఫీరియర్ అనే మాటలు ముఖ్యంగా తల, మెడ, మొండెం కోసం. మనిషి నిటారుగా నిలబడి, చేతులు పక్కకు వదిలి, అరచేతులు ముందుకు తిప్పి ఉన్నాడనుకుని పైన, కింద అని చెబుతారు. చేతులూ కాళ్లూ ఎటైనా తిరుగుతాయి కాబట్టి వాటిని పుట్టిన చోటుకి ముడిపెట్టి చెప్పడం సులువు. చెయ్యి పైకెత్తినా మణికట్టు మోచేతికి డిస్టలే. "బొడ్డు ఛాతీకి డిస్టల్" అంటే మాత్రం తప్పు, అక్కడ ఇన్ఫీరియర్ అనాలి. ఇంకో సంగతి, ఇది పోల్చి చెప్పే మాట. మోచెయ్యి భుజానికి డిస్టల్, మణికట్టుకి ప్రాక్సిమల్.

ఇక మీ రిపోర్టు. రేడియస్ అంటే ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక. దాని మొదలు మోచేతి దగ్గర, కొస మణికట్టు దగ్గర. మణికట్టు కీలుకు సుమారు 2–3 సెంటీమీటర్ల లోపు విరిగితే సాధారణంగా డిస్టల్ రేడియస్ ఫ్రాక్చర్ అంటారు. ఇక్కడ చాలామంది పొరపాటు పడేది "హెడ్" అనే మాట దగ్గర. తల అంటే పైదే అనుకుంటారు. రేడియస్ హెడ్ మోచేతి దగ్గరుంది, నిజమే. పక్కనే చిటికెన వేలి వైపు ఉన్న ఎముక అల్నా, దాని హెడ్ మాత్రం మణికట్టు దగ్గర, అంటే డిస్టల్ కొసన ఉంది. అరచేతి ఎముకలకీ అంతే, బేస్ మణికట్టు వైపు, హెడ్ వేళ్ల వైపు. కాబట్టి హెడ్ అనే మాట చూసి దిక్కు ఊహించకండి.

"డోర్సల్ డిస్‌ప్లేస్‌మెంట్" (చేతి వెనకవైపుకి జరగడం) అని కూడా ఉంటే, పక్కకు జరిగింది ఏ ముక్క? విరుపుల్లో ఎప్పుడూ మొదలు వైపు ముక్క స్థిరంగా ఉందనుకుని, కొస ముక్క ఎటు పోయిందో రాస్తారు. కొస ముక్క చేతి వెనకవైపుకి జరిగితే అది కాలీస్ ఫ్రాక్చర్. ఐర్లండ్ సర్జన్ అబ్రహాం కాలీస్ దీన్ని 1814లో వర్ణించాడు. అరచేతి వైపుకి జరిగితే స్మిత్ ఫ్రాక్చర్. ఈ సంప్రదాయం తెలియకుండా చదివితే దిక్కు పూర్తిగా తలకిందులవుతుంది.

మణికట్టులోనే ఉన్న స్కాఫాయిడ్ అనే చిన్న ఎముకలో ఈ మాటకి ఎంత బరువుందో చూడండి. దానికి రక్తం ఎక్కువగా కొస వైపు నుంచి ఎక్కి, వెనక్కి మొదలు వైపుకి ప్రవహిస్తుంది. అందుకే ప్రాక్సిమల్ భాగంలో విరిగితే ఆ ముక్కకి రక్తం తెగిపోయి, అతుక్కోకపోవడం, ఎముక చచ్చుబడడం జరగవచ్చు. కొస వైపు విరిగితే అంత భయం ఉండదు.

గొట్టాల్లాంటి అవయవాల్లో మొదలు మారుతుంది. పేగుకి నోరు మొదలు. పెద్దపేగు కుడివైపున పైకెక్కుతుంది కదా, ఆ భాగానికి డిస్టల్ కొస పైన, కాలేయం కింద ఉంటుంది. మూత్రనాళానికి కిడ్నీ మొదలు, మూత్రాశయం కొస. అన్నిటికన్నా చక్కని ఉదాహరణ నెఫ్రాన్, అంటే కిడ్నీలో రక్తాన్ని వడకట్టి మూత్రం తయారుచేసే సన్నని గొట్టం. దాని కొస భాగమైన డిస్టల్ నాళిక, మధ్యలోని లూప్ (మెలిక) అంతా తిరిగి వచ్చి, తాను బయల్దేరిన గ్లోమెరులస్‌నే (రక్తం వడపోత జరిగే సన్నని రక్తనాళాల ముద్దనే) తాకుతుంది. అంత పక్కనే ఉన్నా దాని పేరు డిస్టలే, ఎందుకంటే లెక్క దారి వెంట. కొమ్మ వంగి దాని కొస మొదలును తాకినా కొస కొసే.

సిరల్లో కొంచెం జాగ్రత్త. రక్తం కొస నుంచి మొదలుకి పారుతుంది, పేర్లు మాత్రం ప్రవాహాన్ని బట్టి మారవు. పిక్క సిరల్లో రక్తం గడ్డకడితే అది డిస్టల్, మోకాలి వెనక, ఆ పైన తొడలో గడ్డకడితే ప్రాక్సిమల్. ఊపిరితిత్తులకి చేరే ప్రమాదం రెండోదానికే ఎక్కువ. పళ్లలో డిస్టల్ అంటే రెండు ముందరి పళ్ల మధ్య గీత నుంచి దవడ వంపు వెంట దూరంగా ఉన్న పంటి పక్క, దానికి ఎదురు మాట మీసియల్.

చేతిలో పని ఉన్నవాళ్లకి ఇది ఒట్టి పేరు కాదు. సెలైన్ సూది ఒకచోట కుదరకపోతే రెండోది దానికి ప్రాక్సిమల్‌గా పెట్టాలి. కొస వైపు పెడితే మందు పైకి పారుతూ పాత రంధ్రం దగ్గర కారి, చర్మం కింద వాపొస్తుంది. క్రేప్ బ్యాండేజీ వేళ్ల వైపు నుంచి పైకి చుట్టాలి, ప్రతి చుట్టూ ముందుదాన్ని సగం కప్పుతూ. పై నుంచి కిందికి చుడితే వాపు కొసన ఇరుక్కుంటుంది.

మీ మణికట్టుకి ప్లాస్టర్ కట్టు వేసి ఉంటే "డిస్టల్ సర్క్యులేషన్ చూసుకోండి" అని చెప్పి ఉంటారు. కట్టుకి కొస వైపు, అంటే వేళ్లలో రక్తప్రసరణ చూడమని అర్థం. గోరు 5 సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడిన గోరు సుమారు 2 సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. వేళ్లు వెచ్చగా ఉండాలి, స్పర్శ తెలియాలి, కదలాలి. వేళ్లు నీలంగానో పాలిపోయో కనిపించినా, మొద్దుబారినా, ఇంకొకరు వేళ్లు సాగదీస్తే భరించలేనంత నొప్పొచ్చినా మర్నాటి దాకా ఆగకుండా అప్పుడే ఆసుపత్రికి వెళ్లి కట్టు వదులు చేయించుకోండి.