సూదిని చూస్తేనే కళ్లు తిరిగేవారికి కౌన్సెలింగ్ పనిచేస్తుందా, డబ్బు దండగేనా?

పనిచేస్తుంది. అయితే ఈ భయం తక్కిన భయాల వంటిది కాదని చికిత్స చేసేవారికి తెలిసి ఉండాలి.

మా పాపకు పద్నాలుగో వారం టీకా వేయించడానికి అత్తగారితో కలిసి ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. నర్సమ్మ సిరంజిలోకి మందు ఎక్కిస్తుండగానే నా చెవుల్లో హోరు మొదలై, అరచేతులు చల్లబడ్డాయి. పాపను అత్తగారి చేతికి అందించినంత వరకే నాకు గుర్తుంది. టీకా వేయించుకున్న పాప నిమిషంలో ఏడుపు మానింది, నన్ను మాత్రం బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టుకున్నారు. ఇంటికి రాగానే అత్తగారు ఇద్దరికీ కలిపి దిష్టి తీశారు. బంధువులు ఆ కథను ప్రతి పెళ్లిలోనూ చెప్పుకుని నవ్వారు. ఈ నవ్వులకు జంకే నాబోటివారు రక్తపరీక్షలను ఏళ్ల తరబడి వాయిదా వేసుకుంటారని నా గట్టి నమ్మకం. తొమ్మిదో నెల టీకాకు ఆఫీసు పని సాకుగా చూపి తప్పించుకున్నాను. అలా తప్పించుకున్న ప్రతిసారీ భయం మరింత ముదురుతుందని తరువాత తెలిసింది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా చెడగొట్టినది ‘ఒళ్లు వదులు చేసి ఊపిరి పీల్చుకో’ అనే ఉచిత సలహా. బల్లికో ఎత్తుకో భయపడేవారికి గుండె దడదడలాడుతుంది కనుక వారికి అది పనికిరావచ్చు. సూదికీ రక్తానికీ పడిపోయేవారిలో మొదట పెరిగిన రక్తపోటు కాసేపటికే ఒక్కసారిగా పడిపోయి, మెదడుకు రక్తం చాలక స్పృహ తప్పుతుంది. అప్పుడు ఒళ్లు వదులు చేస్తే పడిపోవడానికి మనమే సాయపడినట్లవుతుంది. అందుకే స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ యోరాన్ ఓస్ట్ 1980లలో కండరాలను బిగించే పద్ధతిని రూపొందించారు. చేతులు, కాళ్లు, పొట్ట కండరాలను ముఖం వెచ్చబడేదాకా 10–15 సెకన్లు బిగించి, 20–30 సెకన్లు మామూలు స్థితికి తెచ్చి, ఇలా ఐదుసార్లు చేయాలి. సూది గుచ్చే చేతిని మాత్రం వదులుగా ఉంచాలి.

మా సైకాలజిస్టు ఇది నేర్పాకే నన్ను సూది దగ్గరకు తీసుకువెళ్లారు: మొదట సిరంజి బొమ్మ, తరువాత మూత పెట్టిన సూదిని చేత్తో పట్టుకోవడం, ఆ పైన ల్యాబులో ఇతరులకు రక్తం తీస్తుంటే చూడటం, చివరికి నా వంతు. ప్రతి మెట్టు దగ్గరా నా భయానికి నూటికి ఎన్ని మార్కులో చెప్పించి, అవి తగ్గాకే పై మెట్టు ఎక్కించారు.

పదహారో నెల టీకాకు పాపను నేనే ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. నర్సమ్మ సూది తీసి, నా వైపు చూసి, ‘పాపను కాస్త వదులుగా పట్టుకోండి సార్’ అన్నారు.