తిండి దగ్గర పట్టింపు ఉన్నవాళ్లంటే నాకు గౌరవం

"తిండి, కాఫీ, టీల విషయంలో మరీ స్నాబ్ అనిపించే మనుషులు మీ ఇంట్లో ఉన్నారా? వాళ్లతో ఎలా వేగుతారు?" అని అడిగారు. స్నాబ్ అంటే తన రుచే గొప్పదని మిగతావాళ్లను చులకనగా చూసే మనిషి.

ఉన్నారు. మా మేనత్తే ఉంది. ఆమెతో వేగాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు, ఎందుకంటే నేను ఆమె పక్షమే. మాది నెల్లూరు. ఈ ఊళ్లో విస్తరి ముందు కూర్చున్న ప్రతి మనిషికీ ఒక అభిప్రాయం ఉంటుంది. ఆటో నడిపే మనిషి కూడా దోసె మీద ఎర్రకారం పలచగా పూశారని ప్లేటు వెనక్కి పంపిస్తాడు. హోటలాయన కిక్కురుమనకుండా ఇంకోటి వేసిస్తాడు. దాన్ని ఇక్కడ ఎవరూ పొగరు అనరు. మా ఇంటికి బెంగళూరు నుంచి వచ్చిన మా బావమరిది మాత్రం అన్నాడు. ఆ సంగతి చెబితే నా జవాబు మీకు అర్థమవుతుంది.

అతను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. కాఫీ అంటే ప్రాణం. గింజలు తనే మరపట్టుకుంటాడు, నీళ్ల వేడి కొలుస్తాడు, పొడిని చిన్న డిజిటల్ కాటాలో తూస్తాడు. నాకు ఇందులో ఏ అభ్యంతరమూ లేదు, పైగా ఇష్టం కూడా. అరకు గింజలు తెచ్చి మాకు పోసిచ్చాడు, బాగుంది. అయితే మా అత్త ఇచ్చిన ఫిల్టర్ కాఫీ ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేశాడు. "చికోరీ కలిస్తే అది కాఫీ కాదు బావా" అన్నాడు. చికోరీ అంటే ఒక మొక్క వేరు, వేయించి పొడి చేస్తారు, అందులో కెఫీన్ ఉండదు, నిజమే. మన ప్రభుత్వ లెక్క ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. కాబట్టి దుకాణంలో కొనే పొట్లంలో దాదాపు సగం వేరుపొడే ఉండొచ్చు. మా అత్త అలా కొనదు. గింజలు, చికోరీ విడివిడిగా చెప్పి, చికోరీ ఎంత పడాలో దగ్గర నిలబడి కలిపించుకుంటుంది. ఆ మాట అతను అడగలేదు. చికోరీ అన్న పేరు విన్నాడు, తీర్పు చెప్పేశాడు.

ఆరోజు ఆదివారం. అత్త పొద్దున్నే చేపల మార్కెట్‌కు బయలుదేరింది, సంచి పట్టుకుని నేనూ వెళ్లాను. ఆమె చేప కొనడం చూడాలి మీరు. ఒక్క మాట మాట్లాడదు. మొప్పలు ఎత్తి లోపల ఎరుపు చూస్తుంది, పొట్ట దగ్గర బొటనవేలితో నొక్కుతుంది, గుంట పడి అలాగే ఉండిపోతే ముందుకు కదులుతుంది. కొర్రమీను అయితే ప్రాణంతో ఉన్నదే తీసుకుంటుంది. అది గాలి పీల్చే చేప, కాస్త తడి ఉంటే చాలాసేపు బతికే ఉంటుంది. కాబట్టి చచ్చిన కొర్రమీను అమ్ముతున్నారంటే అది చచ్చి ఎంతసేపైందో ఎవరికీ తెలియదు అంటుంది. ఆరోజు బొమ్మిడాయిలు దొరికాయి, పాములా పొడుగ్గా ఉండే చేపలు. అమ్మే ఆవిడ కూడా అత్తకు తీసిపోదు. "ఇవి నీకు కాదులే అక్కా, నిన్నటివి" అని ఒక కుప్ప పక్కకు నెట్టి, కింద బుట్టలోంచి వేరేవి తీసింది. ఆ బుట్ట అందరికీ బయటికి రాదు. అడగడం తెలిసినవాళ్లకే వస్తుంది.

బొమ్మిడాయి ఒళ్లంతా జిగురు. రాళ్ల ఉప్పు, బూడిద వేసి గరుకు రాతి మీద రుద్ది రుద్ది కడిగితేగానీ పోదు. ఆ పని అత్త ఎవరికీ అప్పజెప్పదు. తర్వాత మట్టికుండ. అల్యూమినియం గిన్నెలో చింతపండు పులుసు కాస్తే పులుపు లోహాన్ని పట్టుకుని రుచి మారిపోతుంది, అందుకని ఆమెకు మట్టికుండే కావాలి. మెంతులు, ఆవాలు, ధనియాలు వేయించి పొడి కొట్టింది. అల్లం వెల్లుల్లి ముద్ద దగ్గరికి రానివ్వదు, అది పడితే ఇంక పులుసు కాదు, మసాలా కూర అవుతుంది అని ఆమె మాట, నా మాట కూడా. పులుసు బాగా మరిగాక చేప ముక్కలు, టెంకతో సహా కోసిన పుల్ల మామిడి ముక్కలు వేసింది. చేప పడిన తర్వాత గరిటె పెట్టలేదు. కుండను గుడ్డతో రెండు వైపులా పట్టుకుని తిప్పింది, అంతే. దించేటప్పటికి పైన నూనె ఎర్రగా తేలింది, వాసన వీధిలోకి వెళ్లింది.

మా బావమరిది కంచం తెచ్చుకున్నాడు.

"ఈరోజు ముట్టుకోబాక అబ్బయా. రేపు తిందువులే" అంది అత్త. కుండ మీద మూత పెట్టి వంటింటి మూలకు జరిపింది.

అతను నవ్వాడు, సరదాకు అంటోందనుకున్నాడు. ఆమె సరదాకు అనలేదు. చేప ముక్కకు ఉప్పు, పులుపు లోపలిదాకా పట్టాలంటే రాత్రంతా ఉండాలి. దించిన వెంటనే తింటే పులుసు వేరుగా, చేప వేరుగా తగులుతుంది. కారం ముందుకొస్తుంది, మెంతి చేదు విడిగా తెలుస్తుంది. రాత్రి గడిచాక మామిడి పులుపు చింతపండులో కలిసి, కారం సర్దుకుని, ముక్క గట్టిపడి ఉంటుంది. నెల్లూరులో ఇది పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. అతను తెల్లవారుజామునే కారులో బయలుదేరాలి, ఎండెక్కకముందే ఘాట్ రోడ్డు దాటాలి. మర్నాడు మధ్యాహ్నం దాకా ఉండడు. అది మేమూ చెప్పాం, మా ఆవిడ బతిమాలింది. అత్త వినలేదు.

"అరకొరగా తిని, నా పులుసు ఇంతేననుకుంటాడు. మళ్లీ వచ్చినప్పుడు తింటాడులే, యాడికి పోతాది" అంది.

ఆకలితో ఉంచిందని అనుకోకండి. పెనం మీద నెయ్యి పోసి, ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి కరకరలాడే దోసెలు వేసి పెట్టింది. అతను కడుపు నిండా తిన్నాడు. తిని, చెయ్యి కడుక్కుంటూ, "ఇంత స్నాబరీ నేను బెంగళూరులో కూడా చూడలేదు బావా" అన్నాడు. పొద్దున్నే పులుసు తినకుండానే వెళ్లిపోయాడు. ఇప్పటికీ ఏ పెళ్లిలో కనిపించినా, మీ అత్త నాకు పులుసు పెట్టలేదని పదిమందిలో చెబుతాడు. చెప్పనీండి. మా అత్త చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. చుట్టం అలిగితే బతిమాలుకోవచ్చు. చెడు రుచి ఒకసారి నాలుక మీద కూర్చుంటే దాన్ని దించడం కష్టం.

స్నాబ్ అనే పేరు ఎవరికి తగులుతుందో నేను చెబుతాను. పేరు చూసి, ధర చూసి రుచి నిర్ణయించేవాళ్లకు. 1976లో పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే వైన్ వ్యాపారి సీసాల పేర్లు దాచిపెట్టి ఫ్రెంచ్ నిపుణులతోనే వైన్లు రుచి చూపించాడు. తెల్ల వైన్‌లోనూ ఎర్ర వైన్‌లోనూ మొదటి స్థానం కాలిఫోర్నియాకు వచ్చింది. అప్పటిదాకా వాళ్లకు ఫ్రాన్స్ తర్వాతే ఎవరైనా. 2001లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఫ్రెడెరిక్ బ్రోషే అనే పరిశోధకుడు వైన్ చదువుకునే 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వాళ్లు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. కళ్లు నాలుకను నడిపించాయన్నమాట. మా అత్త కళ్లకు గంతలు కట్టి మూడు పులుసులు ఇవ్వండి, ఏది ఈరోజుది, ఏది నిన్నటిది, ఏది అల్యూమినియం గిన్నెలోది చెప్పేస్తుంది. ఇందులో నాకు రవ్వంత అనుమానం లేదు. చేపల బుట్టకు లేబుల్ ఉండదు కాబట్టి ఆమె నాలుక, వేళ్లు అలా తయారయ్యాయి.

ఇంకో రకం ఉంది, అది మాత్రం నాకు ఒళ్లు మండిస్తుంది. మా అమ్మ పుట్టిల్లు ఉమ్మడి ప్రకాశం జిల్లాలో పొదిలి వైపు. మెట్ట ఊరు. అక్కడ కొర్రన్నం, సజ్జ రొట్టె, జొన్న సంగటి రోజువారీ తిండి, వరి అన్నం పండగలకు, చుట్టాలకు. పెళ్లయి పెన్నా డెల్టాకు వచ్చిన కొత్తల్లో మా అమ్మను "సంగటి తినే ఊరిది" అని దెప్పారు. దెప్పినవాళ్లలో మంచి వంట తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు, వాళ్లకున్న గొప్పంతా కాలవ నీళ్లు పారే పొలం. అమ్మ మారు మాట్లాడలేదు, ఇంట్లో కొర్రలు వండడం మాత్రం మానేసింది. ఇప్పుడేమైంది? 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, అదీ మన దేశం అడిగితేనే. అవే ఇళ్లవాళ్లు అవే కొర్రలను అందమైన ప్యాకెట్లలో రెట్టింపు ధర పెట్టి కొని, షుగర్ తగ్గుతుందని అందరికీ చెబుతున్నారు. అమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు. పట్టింపు వేరు, చులకన వేరు. ఈ రెంటినీ కలిపి ఒకే పేరు పెట్టి పిలిస్తే నేను ఒప్పుకోను.

హోటళ్ల సంగతి కూడా చెప్పాలి. ఏ హైవే మీద చూసినా, ఏ ఊళ్లో చూసినా "నెల్లూరు చేపల పులుసు" అని బోర్డు. లోపల ఇచ్చేది చెరువుల్లో పెంచే పంగస్ చేప ముక్క, లేదా రూప్‌చంద్ చేప. ముల్లు తక్కువ, కోయడం తేలిక, చవక. ఆ చేపలను నేను తిట్టను, వేపుడుకు పనికొస్తాయి. కానీ పులుసులో చేప తన రుచి పులుసుకు ఇవ్వాలి, ముల్లు ఉండాలి, తలకాయ ఉండాలి. పైగా డబ్బాలోంచి తీసిన చింతపండు గుజ్జు, నూనెతో సరిపెట్టి దాని మీద కొత్తిమీర. అలాంటి చోట "పులుసు ఎప్పుడు చేశారు?" అని అడగండి. "ఇప్పుడే సార్, వేడివేడిగా" అన్నారంటే పప్పు, పెరుగు చెప్పుకోండి.

ఇంత మాట్లాడి బియ్యం గురించి చెప్పకపోతే నెల్లూరు వాడిని కాను. పులుసు ఎంత బాగున్నా అన్నం ముద్దగా ఉంటే ఏం లాభం? మా పెద్దలు మొలగొలుకుల అన్నం గురించి చెప్పేటప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. ఆ వరి పంటకాలం ఎక్కువ, దిగుబడి తక్కువ. నెల్లూరులో వరి పరిశోధన కేంద్రం 1937 నుంచీ ఉంది, కొత్త రకాలు వచ్చాయి. 1986లో బాపట్ల నుంచి బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, వచ్చింది, అది రుచికరమైన బియ్యమే, కాదనను. నా బాధ రకం గురించి కాదు, కొనే పద్ధతి గురించి. ఇక్కడ వడ్లు పుట్టి లెక్కన కొంటారు, పుట్టి అంటే 850 కిలోలు. తూకానికీ తేమకూ రేటు కడతారుగానీ, అన్నం ఎలా ఉంటుందో అడిగే వ్యాపారి లేడు. అలాంటప్పుడు రైతు రుచి చూసుకుని ఎందుకు నాటాలి? ఎకరానికి ఎక్కువ పుట్లు పండేదే నాటుతాడు, అతని తప్పు లేదు. ఆ తర్వాత కొత్త బియ్యానికి ఆవిరి పట్టించి పాత బియ్యంలాగా పొడిపొడిగా వండేట్టు చేసి అమ్ముతారు. తినేవాళ్లకు తేడా తెలియకపోతే, అడిగేవాళ్లు లేకపోతే, మిల్లులు ఎందుకు ఆగుతాయి?

అందుకే మేము బస్తా కొనడం మానేశాం. కోవూరు వైపు తెలిసిన రైతు దగ్గర కోత అయ్యాక వడ్లే తీసుకుంటాం, బజారు రేటు కన్నా పుట్టికి కొంచెం ఎక్కువే ఇస్తాం. ఆరబెట్టి, సంవత్సరం దాకా వడ్లుగానే ఉంచి, కావలసినప్పుడు కాసినికాసిని మర ఆడించుకుంటాం. ఏ మడిలోవి కావాలో అత్త వెళ్లి చూసి చెబుతుంది. ఎరువు ఎక్కువ వేసిన మడి వడ్లు ఆమె తీసుకోదు, ఆ సంగతి తెలిసి ఆయన మా కోసం ఒక మడి వేరుగా ఉంచుతున్నాడు.