గేమ్ డబ్బాకి లైట్లు పెట్టబోతున్న అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

ఫొటోలు చూశాను. రాస్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో నువ్వు చేసిన గేమ్ డబ్బాకి బటన్లు, స్క్రీను చాలా నీట్‌గా కుదిరాయి. నాకు నచ్చనిది ఒక్కటే, బ్యాటరీ సంగతి బయటికి చెప్పే లైటు ఒక్కటి కూడా లేకపోవడం. చార్జర్ పెడితే ఎక్కుతోందో లేదో తెలియడం లేదన్నావు, ఆట మంచి ఊపులో ఉండగా టప్పున ఆరిపోతోందన్నావు. ఈ రెండూ ఒకటే సమస్య అనుకుని ఒక లైటు పెట్టి ఊరుకుంటావేమోనని ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు వాడిన టీపీ4056 బోర్డుకి తెలిసింది చార్జింగ్ ఒక్కటే. కేబుల్ పెట్టినప్పుడు ఎర్రది, నిండాక నీలమో పచ్చదో వెలిగిస్తుంది, కేబుల్ తీసేస్తే దాని పని అయిపోయినట్టే. ఆడుతున్నప్పుడు ఎంత మిగిలిందో అది చెప్పదు, దానికి వేరే ఏర్పాటు ఉండాలి. పెద్ద కంపెనీలు కూడా ఈ విషయంలో తడబడ్డాయిరా. 1989 నాటి గేమ్‌బాయ్‌కి, అదే నింటెండో వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే గేమ్ డబ్బాకి, స్క్రీను పక్కనే ఎర్ర లైటు ఉండేది, బ్యాటరీలు తగ్గేకొద్దీ మసకబారేది. 1996లో గేమ్‌బాయ్ పాకెట్ వచ్చినప్పుడు మొదట్లో ఆ లైటే తీసేశారు, జనం అడగడంతో తర్వాత మళ్లీ పెట్టారు. 2003లో వచ్చిన గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీలో ఆడేటప్పుడు పచ్చగా ఉండి, బ్యాటరీ తగ్గితే ఎర్రబడే లైటు ఒకటి, చార్జింగ్ కోసం విడిగా నారింజ రంగుది ఒకటి, నిండగానే ఆరిపోయేది. నువ్వూ అలాగే రెండూ విడివిడిగా పెట్టు.

ముందు చార్జింగ్ లైటు, అది తేలిక. బోర్డు మీదున్న చిన్న ఎల్‌ఈడీలు రెండూ తీసేసి, అవి అతికి ఉన్న లోహపు ప్యాడ్ల నుంచే సన్నటి వైర్లు లాగి బయట 3 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీకి కలపాలి. తీసేటప్పుడు సోల్డరింగ్ ఐరన్‌తో రెండు వైపులా మార్చి మార్చి వేడి చెయ్యి, టంకం కరిగాక దానంతట అదే జరుగుతుంది. కరగకముందే ట్వీజర్‌తో లాగావో ప్యాడ్ లేచి వచ్చేస్తుంది, ఇక వైరు అతికించడానికి చోటే ఉండదు. పక్కనున్న 1 కిలో ఓమ్ రెసిస్టర్ జోలికి వెళ్లకు, అది ఉంటేనే ఎల్‌ఈడీ కాలకుండా ఉంటుంది. చార్జర్ ఇచ్చే 5 వోల్టుల్లో ఎర్ర ఎల్‌ఈడీ 2 వోల్టులు తీసుకుంటే మిగిలిన 3 వోల్టులు ఆ రెసిస్టర్ మీద పడతాయి, అంటే 3 మిల్లీ ఆంపియర్లు. ఈ రోజుల్లో ఎల్‌ఈడీలకి అదే ఎక్కువ, రాత్రి కళ్లలో కొడితే వరుసలో ఇంకో 2.2 కిలో ఓమ్ వేసుకో.

ఒకే ఎల్‌ఈడీలో రెండు రంగులు కావాలంటే మూడు కాళ్లది వస్తుంది, కానీ ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. టీపీ4056 చిప్పులో 7వ కాలు చార్జింగ్‌కి, 6వ కాలు నిండినదానికి, రెండూ ఎల్‌ఈడీని గ్రౌండ్ వైపు లాగేవే తప్ప కరెంటు బయటికి ఇచ్చేవి కావు. కాబట్టి నీకు కావాల్సింది కామన్ యానోడ్, అంటే ప్లస్ కాలు ఉమ్మడిగా ఉన్నది. కోఠి గుజరాతీ గల్లీలో ఊరికే రెండు రంగులది అని అడిగితే కామన్ క్యాథోడ్, అంటే మైనస్ కాలు ఉమ్మడిగా ఉన్నది, చేతిలో పెట్టినా పెడతారు, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టి, ఎర్ర ప్రోబు మధ్య కాలికి, నల్లది ఒకసారి ఆ పక్కకి ఒకసారి ఈ పక్కకి తాకించు, రెండు రంగులూ వెలిగితేనే తీసుకో.

ఇంకో చిక్కుంది. చార్జింగ్‌లో పెట్టి ఆడుతుంటే ఈ బోర్డు నిండిన లైటు వెయ్యదు. బ్యాటరీలోకి వెళ్లే కరెంటు మొదట పెట్టినదాంట్లో పదో వంతుకి తగ్గితే నిండినట్టు లెక్క, 1 ఆంపియర్ పెడితే 100 మిల్లీ ఆంపియర్లన్న మాట. నీ రాస్‌బెర్రీ పై బోర్డు, స్క్రీను కలిసి అంతకంటే ఎక్కువే లాగుతుంటే అది ఎప్పటికి తగ్గాలి? అందుకని ఆఫ్ చేసి చార్జింగ్ పెట్టడం అలవాటు చేసుకో, లేదా చార్జింగ్‌నీ వాడకాన్నీ విడదీసే పవర్‌బూస్ట్ 1000సీ లాంటి బోర్డు కొను. నీ బ్యాటరీ సెల్ 1000 మిల్లీ ఆంపియర్ అవర్లదే కదా, దానికి 1 ఆంపియర్ చార్జింగ్ ఎక్కువ. బోర్డు మీద కరెంటు నిర్ణయించే 1.2 కిలో ఓమ్ రెసిస్టర్ తీసి 2 కిలో ఓమ్ వేస్తే దాదాపు 580 మిల్లీ ఆంపియర్లకి దిగుతుంది, సెల్ చల్లగా ఉంటుంది.

ఇక అసలైనది, తగ్గిపోతోందని చెప్పే లైటు. లిథియం సెల్ నిండుగా 4.2 వోల్టులుంటుంది, త్వరగా 3.8కి దిగుతుంది, అక్కడి నుంచి చాలాసేపు 3.6 దాకా నెమ్మదిగా నడిచి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. పైగా లోడ్ పడితే వోల్టేజీ కుంగుతుంది. సెల్ వోల్టేజీని పెంచి ఇచ్చే బూస్ట్ బోర్డు 5 వోల్టుల దగ్గర 0.6 ఆంపియర్లు ఇవ్వాలంటే, 3.4 వోల్టుల సెల్ నుంచి ఆంపియర్ పైనే లాగాలి. సెల్ లోపల, వైర్లలో కలిపి 0.15 ఓమ్ ఉన్నా 0.15 వోల్టులు అక్కడే పోతాయి. గేమ్ లోడయ్యేటప్పుడు కుంగి, మెనూలోకి రాగానే తేరుకుంటుంది, మెట్లెక్కి ఆయాసపడ్డ మనిషి కూర్చోగానే తేరుకున్నట్టు. ఊరికే ఒక వోల్టేజీ దగ్గర గీత గీసి లైటు పెడితే అది వెలిగి ఆరి, వెలిగి ఆరి చంపుతుంది, రెండు రోజులకి నువ్వు దాన్ని నమ్మడం మానేస్తావు.

నన్నడిగితే మ్యాక్స్17048 అనే, బ్యాటరీలో ఎంత మిగిలిందో చూసే ఫ్యూయల్ గేజ్ బోర్డు కొనుక్కో. రాస్‌బెర్రీ పై బోర్డుకి వోల్టేజీని నేరుగా కొలిచే అనలాగ్ పిన్నే లేదు కాబట్టి ఎలాగూ ఏదో ఒకటి కావాలి. ఇది ఐ2సీ అనే రెండు వైర్ల లింకు మీద పనిచేస్తుంది, ఎంత శాతం ఉందో అదే లెక్కేసి చెబుతుంది. దాన్ని స్విచ్చికి ముందే, సెల్ వైర్ల దగ్గరే కలుపు. స్విచ్చి తర్వాత కలిపితే ఆన్ చేసిన ప్రతిసారీ మొదటి నుంచి అంచనా వేసుకోవాలి, అదీ లోడ్ మీద కుంగిన వోల్టేజీ చూసి. అది తాగేది మైక్రో ఆంపియర్లే, బెంగ లేదు. 20 శాతం కింద లైటు నెమ్మదిగా, 10 కింద గబగబా మినుకుమనేలా స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాయి. 5కి వచ్చాక రాస్‌బెర్రీ పై బోర్డు తనే షట్‌డౌన్ అవ్వాలి. ఉన్నపళంగా కరెంటు పోతే ఎస్‌డీ కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది, నీ సేవ్ ఫైళ్లన్నీ దాంట్లోనే ఉన్నాయి. చార్జింగ్ బోర్డులో ప్రొటెక్షన్ ఉందిగా అనకు, అది కట్ చేసేది 2.4 వోల్టుల దగ్గర, అదీ చెప్పాపెట్టకుండా.

ఒకవేళ పవర్‌బూస్టే కొంటే దానికి బ్యాటరీ 3.2 వోల్టులకి పడినప్పుడు సున్నాకి దిగే లో బ్యాటరీ పిన్ను ఉంటుంది. అది మామూలుగా బ్యాటరీ వోల్టేజీ మీద ఉంటుంది, రాస్‌బెర్రీ పై సిగ్నల్ పిన్నులు, అదే జీపీఐఓ, తట్టుకునేది 3.3 వోల్టులే. నేరుగా కలిపితే రాస్‌బెర్రీ పై బోర్డు పోయే ప్రమాదం ఉంది, మధ్యలో వోల్టేజీ తగ్గించే రెండు రెసిస్టర్ల డివైడర్ వెయ్యి.

లైటు ఎక్కడ పెట్టాలన్నది కూడా ఆలోచించు. చార్జింగ్‌ది పోర్టు పక్కనే, తగ్గిపోయేది స్క్రీను పైన ఓ మూల, బొటనవేలు కప్పనిచోట. షెల్లుకి రంధ్రం పెట్టి గ్లూ గన్ స్టిక్ ముక్క బిగించి వెనక ఎల్‌ఈడీ ఆనిస్తే వెలుగు మెత్తగా వస్తుంది. చుట్టూ వేడికి ముడుచుకుని బిగిసే నల్లటి హీట్ ష్రింక్ స్లీవ్ తొడుగు, లేకపోతే నీ తెల్లటి షెల్లు మొత్తం ఎర్రబడుతుంది. తగ్గినప్పటి లైటుకి నీలం వద్దు, దానికి 3 వోల్టులు కావాలి, జీపీఐఓ ఇచ్చే 3.3తో నీరసంగా ఉంటుంది. ఎర్రదే పెట్టు, కానీ రంగు మీదే ఆధారపడకు. ఎరుపు పచ్చ తేడా తెలియని వాళ్లు మగపిల్లల్లో తక్కువేం కాదు, మినుకుమనడం అందరికీ తెలుస్తుంది.

స్క్రూలు బిగించకముందే నిండా చార్జ్ చేసి, బాగా లోడ్ పెట్టే గేమ్ ఒకటి ఆన్‌లో ఉంచి, సెల్ కాళ్ల దగ్గర మల్టీమీటర్ పెట్టుకో. లైటు ఏ వోల్టేజీ దగ్గర మొదలైందో, అక్కడి నుంచి ఆగిపోయేదాకా ఎంతసేపు వచ్చిందో పుస్తకంలో రాసుకో. కనీసం పది నిమిషాలైనా రాకపోతే స్క్రిప్టులో శాతాలు పెంచు. ఐరన్ పట్టుకునే ప్రతిసారీ సెల్ కనెక్టర్ పీకేసి, ప్లస్ వైరు కొసకి టేపు చుట్టడం మాత్రం మర్చిపోకు. వైరింగ్ అయ్యాక ఫొటో పంపు, నేను చూసి చెప్పాకే సెల్ కలుపు.

మీ మామయ్య