కొత్త పార్టీలో చివరి మాట ఎవరిది? నియమావళిలో ఏం రాసుకోవాలి?

ప్రశ్న: మేము సుమారు 140 మందిమి కలిసి కొత్త రాజకీయ పార్టీ పెట్టాలనుకుంటున్నాం. అభ్యర్థుల ఎంపికతో సహా ప్రతి నిర్ణయం సభ్యులంతా ఫోన్‌లో ఓటేసి తేల్చాలని సగం మంది అంటున్నారు. అలా అయితే పార్టీ నడవదు, చివరి మాట అధ్యక్షుడిదే కావాలని మిగతావాళ్లు. గెలిచిన ఎమ్మెల్యేలు మాట తప్పకుండా తేదీ వేయని రాజీనామా పత్రాలు ముందే తీసుకోవాలన్న ఆలోచన కూడా ఉంది. చట్టం దేన్ని ఒప్పుకుంటుంది?

జవాబు: ముందు రాజీనామా పత్రాల సంగతి తేల్చేద్దాం. ఆ ఆలోచన మానుకోండి. 1974లో రాజ్యాంగ 33వ సవరణతో, ఎమ్మెల్యేల రాజీనామా గురించి చెప్పే 190వ అధికరణాన్ని మార్చారు, రాజీనామా సభ్యుడు స్వచ్ఛందంగా ఇచ్చింది కాదనో, నిజమైనది కాదనో విచారణలో తేలితే స్పీకర్ దాన్ని ఆమోదించకూడదు. మీ బీరువాలో ఉన్న కాగితం మీద తేదీ వేసి పంపితే, ఆ ఎమ్మెల్యే వెళ్లి 'నేను ఇవ్వలేదు' అని ఒక్క మాట చెబితే చాలు. పరువు పోయేది పార్టీదే. గెలిచిన ఎమ్మెల్యేని సీటు నుంచి వెనక్కి పిలిచే అధికారం సభ్యుల ఓటుకు లేదు. పార్టీ పదవి తీసేయొచ్చు, వచ్చేసారి టికెట్ ఇవ్వకుండా ఉండొచ్చు, అంతవరకే. పార్టీ నుంచి బహిష్కరించినా అంతమాత్రాన సీటు పోదు.

ఇక అసలు ప్రశ్న. పార్టీ లోపల నిర్ణయాలు ఎలా జరగాలో మన చట్టం దాదాపు ఏమీ చెప్పదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ సెక్షన్ మీ నియమావళిలో ఉండాలన్నది ఒక్కటే: రాజ్యాంగానికి, సామ్యవాద, లౌకిక, ప్రజాస్వామ్య సూత్రాలకు విధేయంగా ఉంటామని, దేశ సార్వభౌమత్వాన్ని, ఐక్యతను, సమగ్రతను నిలబెడతామని. పార్టీలో ఎన్నికలు పెట్టాలన్న మాట ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. ఆ షరతు పెట్టింది ఎన్నికల సంఘం, రిజిస్ట్రేషన్ మార్గదర్శకాల్లో: అన్ని స్థాయుల్లో సంస్థాగత ఎన్నికలు, అవి ఎన్నాళ్లకొకసారి, పదవీకాలం ఎంత, ఇవన్నీ నియమావళిలో రాయాలి.

రాశారు సరే, పాటించకపోతే? పెద్దగా ఏమీ జరగదు. 2002లో సుప్రీంకోర్టు కాంగ్రెస్, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ వెల్ఫేర్ కేసులో చెప్పింది ఏమిటంటే, మోసంతో రిజిస్ట్రేషన్ పొందడం, రాజ్యాంగ విధేయతను వదులుకోవడం, చట్టవిరుద్ధ సంస్థగా ప్రకటించబడడం లాంటి సందర్భాల్లో తప్ప, పార్టీ రిజిస్ట్రేషన్‌ను రద్దు చేసే అధికారం ఎన్నికల సంఘానికి లేదు. జర్మనీలో పార్టీల లోపలి వ్యవస్థ ప్రజాస్వామ్యబద్ధంగా ఉండాలని రాజ్యాంగమే 21వ అధికరణంలో చెబుతుంది. మన దగ్గర చట్టాల మార్పులపై ప్రభుత్వానికి సలహా ఇచ్చే లా కమిషన్ 1999లో 170వ నివేదికలో, 2015లో 255వ నివేదికలో ఇలాంటి చట్టం కావాలని అడిగింది, ఇంకా రాలేదు. నాకు ఇది చాలా బాధ కలిగించే లోటు.

కాబట్టి మీ సభ్యుల ఓటుకు చట్టబలం వచ్చేది మీరు రాసుకున్న నియమావళి నుంచే. కోర్టుకెళ్లినా, ఎన్నికల సంఘం ముందుకెళ్లినా ముందు అడిగేది ఆ కాగితమే. ఇప్పుడు మీరంతా స్నేహితులు, ఒకరి మాట ఒకరు కాదనరు, కానీ నియమావళిని మాత్రం మీలో మీకు మాటల్లేని రోజు కోసం రాయండి.

అన్నాడీఎంకే కథ చూడండి. జయలలిత చనిపోయాక 2017లో పార్టీ నియమాలు మార్చి సమన్వయకర్త, సంయుక్త సమన్వయకర్త అని రెండు పదవులు పెట్టారు, పార్టీ అత్యున్నత మండలి అయిన జనరల్ కౌన్సిల్‌ను ఇద్దరూ కలిసి పిలవాలి. 2022లో ఆ ఇద్దరికీ పడలేదు. అప్పుడు కౌన్సిల్‌ను పిలిచేదెవరు? సింగిల్ జడ్జి ఒకలా, డివిజన్ బెంచ్ మరోలా చెప్పాయి, చివరికి 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు డివిజన్ బెంచ్ తీర్పును నిలబెట్టింది. అందుకే నేను ఏ నియమావళి చూసినా మొదట వెతికేది, అధ్యక్షుడు సమావేశం పిలవనంటే ఎవరు పిలుస్తారన్న వాక్యం. ఐదో వంతు సభ్యులు రాతపూర్వకంగా అడిగితే 30 రోజుల్లో అధ్యక్షుడు పిలవాలి, ఆయన పిలవకపోతే కార్యదర్శి, ఆయనా పిలవకపోతే అడిగిన సభ్యులే పిలుచుకోవచ్చు అని మూడు మెట్లూ రాయండి.

ఫోన్‌లో ఓటింగ్ చెల్లుతుందా? నియమావళిలో ఉంటే, అందరికీ ముందుగా నోటీసు అందితే, కోరం (కనీసం ఉండాల్సిన సభ్యుల సంఖ్య) తేలితే, పెట్టుకోవచ్చు. లేకపోతే వాట్సాప్ గ్రూపులో పెట్టిన పోల్ ఒక అభిప్రాయ సేకరణ మాత్రమే. కానీ నా అనుభవంలో గొడవ యాప్ దగ్గర మొదలవదు, సభ్యత్వ పుస్తకం దగ్గర మొదలవుతుంది. ఓటింగ్‌కు వారం ముందు ఒకాయన తన మనుషుల్ని రెండు వందల మందిని చేర్పిస్తే మీ 140 మంది ఏం చేస్తారు? కనీసం మూడు నెలల ముందు చేరినవాళ్లకే ఓటు అని, జాబితా ఫలానా తేదీకి ఖరారై అందరికీ కనబడాలని, అభ్యంతరాలు వినేది అధ్యక్షుడు కాదు వేరే ఎన్నికల అధికారి అని పెట్టండి.

ప్రతిదీ అందరూ ఓటేసి తేల్చాలంటే మాత్రం పార్టీ నిజంగానే నడవదు, ఆ మాటలో మీ రెండో వర్గం చెప్పింది నిజం. అధ్యక్షుడి ఎన్నిక, అభ్యర్థులు, పొత్తులు, విలీనం, నియమావళి సవరణ సభ్యులకు వదలండి. రోజువారీ ప్రకటనలు, బడ్జెట్‌లో ఖర్చు కార్యవర్గానికి. అత్యవసరంగా అధ్యక్షుడు తీసుకున్న నిర్ణయాన్ని 15 రోజుల్లో కార్యవర్గం ఆమోదించకపోతే అది రద్దవ్వాలి. నామినేట్ చేసినవాళ్లు ఏ కమిటీలోనూ మూడో వంతు మించకూడదు, లేకపోతే ఎన్నికైనవాళ్లు ఉండీ లేనట్టే. అధ్యక్షుడి పదవీకాలం కూడా రాయండి. 2022లో వైఎస్సార్ కాంగ్రెస్ విషయంలో శాశ్వత అధ్యక్ష పదవి అన్న మాట వచ్చినప్పుడు, అలాంటిది ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఎన్నికల సంఘం స్పష్టంగా చెప్పింది.

అభ్యర్థుల దగ్గర ఒక చిక్కు ఉంది. సభ్యులు ఎవరిని ఎన్నుకున్నా, నామినేషన్లు తీసుకునే రిటర్నింగ్ అధికారి చూసేది బీ ఫారం, అంటే ఈయనే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే పత్రం మీద సంతకమే. అది నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల లోపు అందాలి. సంతకం పెట్టే అధికారం ఉన్న మనిషి ఆ రోజు మనసు మార్చుకుంటే మీ ఓటింగంతా వృథా. ఓటింగ్‌లో గెలిచిన పేరుకే బీ ఫారం ఇవ్వాలని, ఇవ్వకపోతే అధికారం ఎవరికి మారుతుందో, ఆ మార్పును ఎన్నికల అధికారులకు ఎవరు తెలియజేస్తారో రాయండి. సభలో ఎలా ఓటేయాలో ఎమ్మెల్యేలకు చెప్పే ఆదేశం, అంటే విప్, ఎవరు జారీ చేస్తారన్నది కూడా రాయండి. 2023 మే నెలలో, రెండుగా చీలిన శివసేన కేసులో సుప్రీంకోర్టు, ఆ ఆదేశం ఇచ్చే విప్ పదవిలో మనిషిని నియమించేది రాజకీయ పార్టీయే, గెలిచిన ఎమ్మెల్యేల బృందమైన శాసనసభా పక్షం కాదు అని చెప్పింది.

సవరణలు చేశాక కాపీ ఎన్నికల సంఘానికి పంపడం మర్చిపోవద్దు, 29ఏ కింద ముఖ్యమైన మార్పులు ఆలస్యం లేకుండా తెలియజేయాలి. శివసేన 2018లో మార్చిన నియమావళి తమ రికార్డులో లేదని, పైగా అది ప్రజాస్వామ్యబద్ధంగా లేదని 2023 ఫిబ్రవరిలో ఎన్నికల సంఘం దాన్ని పక్కనపెట్టింది. పేరు, గుర్తు ఎవరివో తేల్చేటప్పుడు అది పనికిరాలేదు.

బహిష్కరణకు షోకాజ్ నోటీసు, జవాబుకు గడువు, ఫిర్యాదు చేసినవాళ్లు లేని క్రమశిక్షణ కమిటీ, పైన ఒక అప్పీలు ఉంటే చాలు.

తొందరపడి స్థాపన సభ పెట్టకండి. పార్టీ ఏర్పడిన తేదీ నుంచి 30 రోజుల్లో దరఖాస్తు ఎన్నికల సంఘానికి చేరాలి, దానితోపాటు కనీసం 100 మంది ఓటర్లయిన సభ్యులు తాము వేరే ఏ రిజిస్టరైన పార్టీలోనూ లేమని విడివిడిగా అఫిడవిట్లు ఇవ్వాలి. ఆ నెల కాగితాలకే సరిపోతుంది. చివరి మాట ఎవరిదన్న మీ వాదన ఇప్పుడే, సభకు ముందే, ఎన్ని రోజులు పట్టినా పూర్తిచేసి, తేలినదాన్ని ముసాయిదాలో రాసి, ఆ ముసాయిదాను 140 మందీ చదివాక తేదీ పెట్టుకోండి.